పదో తరగతిలో చందా పుస్తకం నా చేతికొచ్చింది

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజే మా లెక్కల సారు ఒక వంద పేజీల నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇగ క్లాసు పైసలన్నీ నీ దగ్గరే" అన్నాడు. నేను క్లాస్ లీడర్‌ని కాదు, ఫస్టు ర్యాంకు అంతకన్నా కాదు. మా నాయినకు ఊళ్లో కిరాణ దుకాణం ఉంది, కారణం అదొక్కటే. రోజూ సాయంత్రం దుకాణంలో కూర్చుని ఉద్దెర ఖాతా రాసే పిల్లకు చందాలు వసూలు చేయడం వచ్చే ఉంటుందని ఆయన అనుకున్నాడు.

ఇది 2015 సంగతి. నాగర్‌కర్నూల్ పక్కన ఒక ఊరు, జిల్లా పరిషత్ హైస్కూలు, పదో తరగతిలో మేం ముప్పై ఎనిమిది మందిమి. అప్పటికి మాదంతా మహబూబ్‌నగర్ జిల్లానే, నాగర్‌కర్నూల్ వేరే జిల్లా అయింది మరుసటి ఏడు దసరాకు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక జరిగే మొదటి పదో తరగతి పరీక్షలు మావే. పైగా ఆ ఏడే పరీక్షల పద్ధతి మార్చారు, పుస్తకాలు కొత్తవి, ఎనభై మార్కులు పరీక్షకు, ఇరవై మార్కులు బళ్లో చేసే ప్రాజెక్టులకు, స్లిప్ టెస్టులకు. పాత గైడ్లు ఒక్కటీ పనికిరాలేదు. ప్రశ్నాపత్రం ఎట్లా ఉంటుందో సార్లకే సరిగ్గా తెలియదు, ఇంక మాకేం తెలుస్తుంది.

అంత టెన్షన్‌లోనూ జనవరి నుంచి మార్చి దాకా ఆనవాయితీగా జరగాల్సినవి జరగాల్సిందే. జనవరి 26, స్వయం పరిపాలన దినోత్సవం, గ్రూప్ ఫోటో, వీడ్కోలు సభ, పోతూ పోతూ బడికి ఏదో ఒక గిఫ్టు. బడికి వచ్చే గ్రాంటు సుద్దముక్కలకు, రిజిస్టర్లకే చాలదు, కాబట్టి వీటన్నిటికీ చందాలే దిక్కు. నేను పుస్తకం తెరిచి, మా నాయిన ఖాతా పుస్తకంలో లాగానే ఎడమ పక్కన పేర్లు, నడుమ "ఇచ్చింది", కుడి పక్కన "రావాల్సింది" అని గీతలు కొట్టాను.

జనవరి 26కు మనిషికి పది రూపాయలు. రంగు కాగితాల జెండాలు, సుతిలి, ముగ్గుపిండి. మైదా పిండి ఉడికించి లై చేసి రాత్రి ఎనిమిదింటి దాకా అంటించాం, ఆ లై జిగురు రెండు రోజులు చేతులకు పోలేదు. పొద్దున్నే ప్రభాత భేరి అని ఊరంతా తిరిగి నినాదాలు ఇచ్చి రావడం, జెండా, చాక్లెట్లు, ముందు రోజుల్లో పెట్టిన కబడ్డీకి, నిమ్మకాయ చెంచా ఆటకు బహుమతులు. ప్రైజులంటే స్టీలు గిన్నెలు, గ్లాసులు. వాటికి ఊళ్లో ఒక పెద్దమనిషి డబ్బులిచ్చాడు గనుక నా పుస్తకానికి భారం పడలేదు.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. జనవరి, ఫిబ్రవరి అంటే మా దిక్కు పల్లికాయ పీకే కాలం. కూలీలు దొరకరు, ఇంట్లో బడికి పోయే పిల్లలున్నా సరే చేనుకు రమ్మంటారు. పొద్దున ఎనిమిదింటికి స్పెషల్ క్లాసు అంటే సగం మంది తొమ్మిదిన్నరకు చేతివేళ్ల నిండా ఎర్రమట్టితో వచ్చేవాళ్లు. సాయంత్రం స్పెషల్ క్లాసులో గుడాలు పెట్టేవాళ్లు, ఉడకబెట్టిన శనగలు, ఉల్లిగడ్డ ముక్కలేసి. నిజం చెప్తే కొందరు ఆ గుడాల కోసమే ఆగేవాళ్లు, నేనూ అందులో ఒకదాన్నే.

మా క్లాసులో తొమ్మిది మంది తల్లిదండ్రులు ఊళ్లో ఉండరు. బొంబాయి, పుణె. కూలీలను జట్టుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీతో దసరా తర్వాత పోతే మళ్లీ ఉగాదికి వస్తారు, కొందరు వానాకాలం దాకా రారు. పిల్లలు అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉండి చదువుకుంటారు. వాళ్లను చందా అడగడానికి ఒక పద్ధతి ఉంది, అది నేను దుకాణంలో నేర్చుకున్నాను. నలుగురిలో అడగొద్దు. సోమవారం అడగొద్దు, ఎందుకంటే ఆదివారం సంతలో ఉన్నవన్నీ అయిపోయి ఉంటాయి. పింఛను వచ్చిన రోజు అడగాలి. అప్పటికి ఆసరా పింఛను మొదలై రెండు మూడు నెలలే అయింది, రెండు వందలున్నది ఒక్కసారిగా వెయ్యి అయ్యేసరికి మా దుకాణంలో పాత ఉద్దెరలు చాలా తీరాయి, నా చందా పుస్తకంలో కుడి పక్క గీత కూడా తేలికైంది. పింఛను పంచిన రోజు సాయంత్రం ఒకమ్మాయి వాళ్ల అవ్వ స్వయంగా బడి గేటు దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ నోటు తీసి "మా పిల్లది రాసుకో, మల్ల అడగకు" అంది.

ఒక్క పేరు ముందర మాత్రం అంకె రాయలేకపోయాను. చివరి బెంచీ అబ్బాయి. సంక్రాంతికని పుణెలో వాళ్లమ్మా నాయినల దగ్గరికి పోయి అక్కడే ఆగిపోయాడు. ఎవరో పనిలో కాలు విరగ్గొట్టుకుంటే వాళ్ల బదులు వీడు సెంట్రింగ్ పనికి ఎక్కాడట. సారు మేస్త్రీ నంబరుకు ఫోన్ చేస్తే "పరీక్షలకు తోలిస్త సార్" అనే మాట ఒక్కటే. నేను వాడి లైనులో "పుణె" అని రాసి వదిలేశాను.

శివరాత్రి అయిపోయిన వారానికి స్వయం పరిపాలన దినోత్సవం పెట్టారు. ఆ ఒక్క రోజు బడి మొత్తం పదో తరగతి పిల్లలే నడపాలి. హెచ్ఎం, టీచర్లు, పీఈటీ, అటెండరు, తనిఖీకి వచ్చే ఎంఈఓ, డీఈఓ, కలెక్టరు, వాళ్ల మీద విద్యాశాఖ మంత్రి. కలెక్టరు వేషానికి ఆరుగురు పోటీ, ఎందుకంటే కలెక్టరు పాఠం చెప్పే పని లేదు. అటెండరుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు, చివరికి మాలో అందరికన్నా పొడుగువాడు సరేనన్నాడు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ సుఖపడింది వాడే. మా బడి గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని కొట్టే ఇనుప కడ్డీ రోజంతా వాడి చేతిలో ఉంది. ఇంటర్వెల్ పది నిమిషాలు ముందే కొట్టేశాడు, మళ్లీ లోపలికి పిలిచే గంట మాత్రం మరిచిపోయాడు.

నాకు ఏడో తరగతి లెక్కలు వచ్చాయి. చీర మా అమ్మది, గద్వాల చీర, పెళ్లినాటిది. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. అమ్మ కట్టిపెట్టేటప్పుడు పాఠం సంగతి ఒక్క మాట అడగలేదు. "సుద్దముక్క అంచుకు అంటనియ్యకు, నేల మీద కూసోకు, గుడాలు తినేటప్పుడు కొంగు దోపుకో" అని మూడు సార్లు చెప్పింది. పదకొండు పిన్నీసులు పెట్టింది, నేను లెక్కపెట్టాను. నడిస్తే ఒకటి గుచ్చుకునేది, నిలబడితే ఇంకొకటి.

పాఠం లాభనష్టాలు. నాకు తెలిసిన పాఠమే కదా అని ధైర్యంగా ఉన్నాను. పల్లికాయ బస్తా ఇంతకు కొన్నాం, ఇంతకు అమ్మాం అని బోర్డు మీద రాస్తుంటే మొదటి ఐదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత మూడో వరుసలో ఒక పిల్లవాడు లేచి "టీచర్, ఉద్దెర పెట్టినోళ్లు ఇయ్యకపోతే అది నష్టమేనా?" అని అడిగాడు. వాళ్లింటి ఖాతా మా దుకాణంలో ఉంది. ఎంతుందో కూడా నాకు తెలుసు, ముందు రోజు రాసింది నేనే. వాడు తెలిసి అడిగాడో తెలియక అడిగాడో ఇప్పటికీ చెప్పలేను. క్లాసంతా నా మొహం చూస్తోంది, వెనక బెంచీలో మా అసలు లెక్కల సారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "అది నష్టం కిందికి రాదు, రావాల్సిన దాని కిందికి వస్తది" అన్నాను. "ఎప్పుడిస్తరో తెల్వకపోయినా?" అన్నాడు. "ఆ, తెల్వకపోయినా" అని బోర్డు వైపు తిరిగి, రాసిన లెక్కనే మళ్లీ రాశాను. సారు నవ్వు ఆపుకోవడం నాకు వినిపించింది.

మధ్యాహ్నం కలెక్టరు వచ్చాడు. వాళ్ల మామ బండి వెనక కూర్చుని, హెడ్‌లైటుకు ఎర్ర రిబ్బను కట్టుకుని, ఎవరిదో సఫారీ డ్రెస్సు వేసుకుని దిగాడు. ఆ జనవరి ఒకటి నుంచే బళ్లలో సన్నబియ్యం అన్నం పెట్టడం మొదలైంది, అందుకని కలెక్టరు గారు ముందు వంటశాల దగ్గరికి పోయి అన్నం మెతుకు రెండు వేళ్లతో నలిపి చూసి "బియ్యం సన్నయే గని చారు ఎందుకు నీళ్లలెక్క ఉంది? గుడ్డు ఏది?" అని గట్టిగా అడిగేశాడు. వంట చేసే పెద్దమ్మ ముందు నవ్వింది, తర్వాత వాడు నిజంగానే అడుగుతున్నాడని అర్థమై "బిల్లులు వచ్చినయా బిడ్డా, గుడ్డు పెట్టనీకె? నువ్వు కలెక్టరువే గద, ఇప్పించు" అంది. అందరూ గమ్మున అయిపోయారు. అసలు హెచ్ఎం గారే గబగబా వచ్చి కలెక్టరును చెట్టు కిందికి తీసుకుపోయి మజ్జిగ ఇప్పించారు. ఉత్తమ టీచరు ప్రైజు తెలుగు చెప్పిన అమ్మాయికి వచ్చింది, నాకు రాలేదు. రాకపోవడం న్యాయమే. అమ్మ చీర అంచుకు మాత్రం సుద్ద అంటింది, అది వేరే కథ.

గ్రూప్ ఫోటోకు టౌను నుంచి స్టూడియో అతను వచ్చాడు. కాపీ అరవై రూపాయలు. ముందు కుర్చీల్లో సార్లు, మేడమ్‌లు, కింద అమ్మాయిలు, వెనక నిలబడి ఒక వరుస, బెంచీల మీద ఇంకో వరుస. పుణె పోయినవాడు లేడు. అప్పుడు సోషల్ సారుకు ఒక ఆలోచన వచ్చింది. నామినల్ రోల్స్‌కు, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాలతో పైకి పంపే జాబితాకు, ఇచ్చిన పాస్‌పోర్టు ఫోటో ఒకటి ఆఫీసులో మిగిలి ఉంది, అది మూలన పెట్టించుదాం, వాడి కాపీ డబ్బులు నేనిస్తా అన్నాడు. (నామినల్ రోల్స్ అంటే గుర్తొచ్చింది, నవంబరులో ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు చూపించండి, మెమోలో పడతాయి అంటే క్లాసంతా చొక్కా చేతులు మడిచి ఒకరి చేతులు ఒకరు వెతికాం. మచ్చ దొరకని ఒకడు పెన్నుతో పెట్టుకుని తన్నులు తిన్నాడు.)

పది రోజులకు ఫోటోలు వచ్చాయి. పైన కుడి మూలన, గుండ్రటి గీతలో, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో మావాడి మొహం. మాకెవరికీ ఏమీ అనిపించలేదు, బాగుంది అనే అనుకున్నాం. వాడి కాపీ నేనే తీసుకుపోయి వాళ్ల అవ్వకు ఇచ్చాను. అవ్వ ఫోటోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది, తర్వాత ఆ గుండ్రటి గీత మీద వేలు పెట్టి "వీడెందుకు ఈడున్నడు?" అంది. నేను చెప్పబోతుంటే గొంతు పెంచేసింది. "బతికున్న పోరన్ని మూలకు గుండ్రం గీసి పెడ్తరా? దండొక్కటే తక్కువైంది! చదువుకున్నోళ్లేనా మీరు, మీ సార్లేనా?" వాడకట్టు వాడకట్టంతా బయటికొచ్చింది. ఆ మాట అన్నాక ఫోటో చూస్తే నిజంగానే అట్లనే కనబడింది, అప్పటిదాకా ముప్పై ఏడు మందిలో ఒక్కరికీ ఎందుకు తట్టలేదో.

సోషల్ సారు మర్నాడు పొద్దున్నే అవ్వ ఇంటికి పోయి దండం పెట్టి వచ్చాడు. స్టూడియో అతను, మీరు చెప్పిందే నేను చేశాను, మళ్లీ ప్రింటు వేయాలంటే కాపీకి పది రూపాయలు అన్నాడు. ఆ పది రూపాయలు వసూలు చేయడానికి నేను పడ్డ తిప్పలు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది, అబ్బాయిల్లో సగం మంది "మా ఫోటో మంచిగనే ఉంది, మాకొద్దు" అన్నారు. చివరికి పుణెవాడి అవ్వ తిట్లు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అప్పజెప్తే ఇచ్చారు. పుణెవాడి పది కూడా సోషల్ సారే వేసుకున్నాడు.

రెండోసారి వచ్చిన ఫోటోలో మూల ఖాళీ. మావాడు బెంచీల మీది వరుసలో ఎడమ చివరన నిలబడి ఉన్నాడు. మెడ దాకా వాడు, మెడ కింద మా అటెండరు వేషం వేసినవాడు. ఆ ఒళ్లే పక్కన వాడి సొంత తలతో ఇంకోసారి కూడా ఉంది. తల మిగతా తలలకన్నా కొంచెం పెద్దగా, గుమ్మడికాయ లెక్క. భయపడుతూనే తీసుకుపోయి ఇచ్చాను. అవ్వ చాలాసేపు చూసి, "వీడింత పొడుగు ఎప్పుడైండు? మొకం గూడ నిండింది, పుణెల మంచిగ తింటున్నట్టుంది" అని కళ్లు తుడుచుకుంది. నేను ఏం మాట్లాడకుండా వచ్చేశాను.

హోళీ అయిపోయాక వీడ్కోలు సభ. అది తొమ్మిదో తరగతి వాళ్లు మాకు చేసే పార్టీ కాబట్టి ఖర్చు వాళ్లదే, బడికి ఇచ్చే గిఫ్టు మాత్రం మాది. ప్రతి బ్యాచీ గోడ గడియారమే ఇస్తుంది. అప్పటికే మా బళ్లో ఐదు గడియారాలున్నాయి, రెండు నడుస్తాయి, ఆ రెండూ ఒక టైము చూపించవు. ఈసారి స్టీలు నీళ్ల డ్రమ్ము ఇద్దామని అమ్మాయిలం పట్టుబట్టాం, కుళాయి ఉన్నది. మనిషికి యాభై. లెక్క ప్రకారం 1,900 రావాలి. కొందరు నలభై, కొందరు ముప్పై ఇచ్చి మొత్తం 1,690 తేలింది. నాగర్‌కర్నూల్ స్టీలు సామాన్ల దుకాణంలో తూకం వేసి 1,750 అన్నాడు, బేరం ఎంతాడినా దిగలేదు.

అరవై తక్కువ. వెంట వచ్చిన మా నాయిన జేబులోంచి తీసి ఇచ్చాడు. అమ్మయ్య అనుకున్నాను. దుకాణం అతను మిషనుతో డ్రమ్ము మీద "2014-15 పదవ తరగతి విద్యార్థులు" అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టాడు, ర్‌ర్‌ర్ మని ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. "విద్యార్థులు"లో వత్తు తప్పుగా పడింది, స్టీలు మీద పడ్డాక దిద్దేదేముంది. ఇంటికొచ్చాక మా నాయిన ఖాతా పుస్తకం తీసి, కొత్త పేజీలో పైన "పదో తరగతి" అని రాసి కింద "60" అని వేశాడు. నేను జోకనుకున్నాను. కాదు.

సభ రోజు ఏడుపులు, స్లామ్ బుక్కుల్లో సంతకాలు, అవన్నీ అందరికీ ఉన్నవే. మార్చి నడిమిట్ల ఒంటిపూట బడులు మొదలయ్యాక హాల్‌టికెట్లు వచ్చాయి. ఆంజనేయస్వామి గుడిలో స్వామి పాదాల దగ్గర కట్టగా పెట్టి పూజ చేయించి, హెచ్ఎం గారు ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చారు. ఆ పొద్దునే పుణెవాడు బస్సు దిగి నేరుగా గుడికొచ్చాడు, బ్యాగుతో సహా. చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. గ్రూప్ ఫోటో చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వి, ఆ ఒళ్లు ఎవడిదో కనుక్కుని వాణ్ణి "నా బాడీ" అని పిలవడం మొదలుపెట్టాడు.

ఉగాది అయిన నాలుగో రోజు నుంచి పరీక్షలు, పదకొండు పేపర్లు. సెంటరు పక్క ఊళ్లో, రోజూ పల్లెవెలుగు బస్సులో పోయి రావడం. పరీక్షల గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు, రాశాం.

చివరి పేపరు అయిపోయిన రోజు బస్టాండులో పుణెవాడు నా దగ్గరికొచ్చి యాభై నోటు చేతిలో పెట్టాడు. "డ్రమ్ముకు నాది." నేను పుస్తకం ఎప్పుడో మూసేశానని, అవసరం లేదని అన్నాను. వాడు "నా పేరు ముందర పుణె అని రాసినవంట గద, కొట్టెయ్" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. బ్యాగులోనే ఉంది పుస్తకం, తీసి వాడి ముందే "పుణె" కొట్టేసి 50 అని రాశాను. అంతలో ఐసు బండి వచ్చింది. ఆ మధ్యాహ్నం మా బస్సు కోసం ఉన్నది పంతొమ్మిది మందిమి, ప్యాకెట్ ఐసు రెండు రూపాయలు, ముప్పై ఎనిమిది అయింది. ఖర్చు కింద అది కూడా రాశాను.

మిగిలిన పన్నెండు రూపాయలు ఇంటికి తెచ్చి మా నాయినకు ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని గల్లాలో వేసి, ఖాతా పుస్తకంలో పదో తరగతి పేజీ తీసి, 60 కొట్టేసి పక్కన 48 అని రాశాడు. ఆ పేజీ ఇంకా అట్లనే ఉంది.